పియానోలో మాస్టర్స్: పెద్ద స్కూలా, చిన్న స్కూలా? ఒక బరంపురం కేసు

ఏప్రిల్ మొదటి వారానికి ఆమె చేతిలో రెండు ఆఫర్ లెటర్లున్నాయి. రెండూ అమెరికావే. రెండూ పియానో పెర్ఫార్మెన్స్‌లో రెండేళ్ల మాస్టర్ ఆఫ్ మ్యూజిక్‌కు సీటిచ్చినవే. ఒకటి వెయ్యి మందికి పైగా సంగీత విద్యార్థులున్న స్టేట్ యూనివర్సిటీ. రెండోది అందరినీ కలిపితే 180 మంది ఉండే మ్యూజిక్ డిపార్ట్‌మెంట్. జవాబు చెప్పడానికి ఏప్రిల్ 15 దాకా గడువు. ఆమె దేన్ని ఎంచుకుంది, ఏ లెక్క మీద ఎంచుకుంది, చేరాక ఏది కుదిరింది, ఏది బెడిసింది అన్నది, ఆమెకు సలహా ఇచ్చినవాళ్లుగా, ఇక్కడ రాస్తున్నాం. ఆమె పేరు, స్కూళ్ల పేర్లు ఇవ్వడం లేదు.

వయసు 24. ఊరు ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురం. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, చదువు ఇంగ్లీషు మీడియం. నాన్నగారిది పట్టుచీరల దుకాణం. ప్లస్ త్రీలో (ఒడిశాలో మూడేళ్ల డిగ్రీ) బీకాం, ఆ పైన ప్రైవేటుగా ఎంకాం. సంగీతం మాత్రం చర్చిలో కీబోర్డుతో మొదలై, లండన్ ట్రినిటీ కాలేజీ గ్రేడు పరీక్షల మీదుగా అదే సంస్థ ఇచ్చే ఎల్‌టీసీఎల్ డిప్లొమా దాకా సాగింది. ఇంట్లో ఉన్నది 88 మీటల డిజిటల్ పియానో. గ్రాండ్ పియానో మీద వాయించిన గంటలు అప్పటికి మొత్తం కలిపినా నలభై దాటవు.

మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి వచ్చే విద్యార్థుల్లో దాదాపు అందరిదీ ఇదే దారి, అందుకే ఒక సంగతి ముందే చెప్పాలి. తెలుగు ఆరాధనలో పాడే కీర్తనల పుస్తకంలో సాహిత్యం ఉంటుంది, రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. స్వరలిపి ఉండదు. కాబట్టి చర్చిలో పెరిగిన వాద్యకారుడికి చెవి పదునుగా ఉంటుంది, విన్నదాన్ని అప్పటికప్పుడు పట్టుకుంటాడు, కాగితం చూసి వాయించడం మాత్రం వెనకబడుతుంది. దీనికి తోడు కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ బటన్ ఒకటుంది. పాడేవారి శ్రుతి ఏదైనా బటన్ నొక్కి, వేళ్లను తెలిసిన మెట్ల మీదే ఉంచి వాయించేస్తారు. పదేళ్లు ఇలా గడిస్తే నల్ల మీటలు ఎక్కువగా వచ్చే శ్రుతుల్లో చెయ్యి తడబడుతుంది. ఈమెకు ఆ అలవాటు పదిహేడో ఏట దాకా ఉంది. ఆఫర్ల దగ్గర అది ఎంత ముఖ్యమైందో ముందుకు వెళ్లాక తెలుస్తుంది.

మొదటి ఏడాది ఎందుకు పోయింది

అంతకు ముందు ఏడాది ఆరు స్కూళ్లకు దరఖాస్తు చేసింది. ఆరూ ప్రీస్క్రీన్ దగ్గరే ఆగిపోయాయి. అమెరికా మ్యూజిక్ స్కూళ్లలో చాలావాటికి డిసెంబరు 1 నాటికి దరఖాస్తుతో పాటు రెండు మూడు కృతుల వీడియో పంపాలి. అది నచ్చినవారినే జనవరి నుంచి మార్చి మధ్య అసలు ఆడిషన్‌కు పిలుస్తారు. ఒక్కో దరఖాస్తు రుసుము వంద డాలర్లకు పైమాటే. ఆరింటికి కలిపి 690 డాలర్లు అయ్యాయి.

ఆ వీడియోల్లో లోపాలు నాలుగు. మొదటిది, డిజిటల్ పియానో మీద తీశారు. ఎంత మంచి డిజిటల్ అయినా తంతులు ఒకదానితో ఒకటి కలిసి మోగడం, పెడల్ సగం నొక్కినప్పుడు ధ్వని పలచబడడం, ఒకే చేతిలో పై స్వరాన్ని మిగతావాటి కంటే ఎత్తి పలికించడం వినేవారికి సరిగా అందవు. కమిటీ వెతికేది సరిగ్గా వాటినే. రెండోది, ఫోన్ మైకు. ఫోను తనంతట తానే చిన్న ధ్వనిని పెంచి పెద్ద ధ్వనిని తగ్గిస్తుంది. పియానిస్సిమో (చాలా మెల్లగా), ఫోర్టిస్సిమో (చాలా గట్టిగా) రెండూ ఒకే మట్టంలో వినిపిస్తాయి. మూడోది, జంటగా వాయించే రెండు భాగాల్లో బాహ్ ప్రెల్యూడ్ మాత్రమే పంపి ఫ్యూగ్ వదిలేయడం. ప్రెల్యూడ్, ఫ్యూగ్ అని రాసి ఉన్నచోట రెండూ కావాలి. నాలుగోది, ఒక భాగం మధ్యలో అతుకు. భాగానికీ భాగానికీ నడుమ ఆపి మళ్లీ తీయవచ్చు, ఒకే భాగం లోపల కత్తిరించి అతికించకూడదు. నాలుగో లోపం ఒక్కటి చాలు దరఖాస్తు పక్కన పడేయడానికి.

రెండో ఏడాది అక్టోబరులో చెన్నై వెళ్లి గ్రాండ్ పియానో మీద వీడియోలు తీశారు. కోరమండల్ ఎక్స్‌ప్రెస్ రాత్రి ఎక్కితే మర్నాడు సాయంత్రానికి దిగవచ్చు. మూడు రోజుల పని పెట్టుకున్నారు. మొదటి రోజు నాలుగు గంటలు ఆ గ్రాండ్ మీద ఊరికే వాయించి మీటల బరువు, పెడల్ ఎక్కడ పట్టుకుంటుందో చూసుకోవడం. రెండో రోజు పొద్దున శ్రుతి చేయించి, మధ్యాహ్నం నుంచి రికార్డింగ్. మూడో రోజు చేతిలో ఉంచుకున్నది. మూత పూర్తిగా ఎత్తారు. మైకులు రెండు, పియానో వంపు వైపు రెండున్నర మీటర్ల దూరంలో, విడి రికార్డరుతో. అన్నిటికంటే గట్టి భాగం ముందుగా వాయించి, రికార్డరు ముల్లు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా మట్టం కట్టి, ఆ తర్వాత దాన్ని ముట్టుకోలేదు. కెమెరా కుడి పక్కన, చేతులూ ముఖమూ రెండూ కనిపించేలా, ఒకేచోట కదలకుండా. ఫ్యాన్లు, ఏసీ ఆపేశారు. చెమటకు మీటలు జారకుండా ప్రతి టేకుకూ పొడిగుడ్డతో తుడవడం ఒకరి పని. చిన్న విషయంలా ఉంటుంది కానీ ఆ ఉక్కలో ఎత్యూడ్‌కు (వేళ్ల నైపుణ్యాన్ని పరీక్షించే కృతి) అదే ప్రాణం.

కార్యక్రమం ఇది: బాహ్ వెల్-టెంపర్డ్ క్లావియర్ మొదటి సంపుటం నుంచి జి మైనర్ ప్రెల్యూడ్, ఫ్యూగ్. బీథోవెన్ ఓపస్ 31 రెండో సొనాటా, మూడు భాగాలూ. షోపాన్ మూడో బలాడ్, ఓపస్ 10 నాలుగో ఎత్యూడ్. బార్టోక్ ఓపస్ 14 సూట్. అంతా కలిపి యాభై నిమిషాల లోపు, అన్నీ కంఠస్థం. బరోక్, క్లాసికల్ సొనాటా పూర్తిగా, పెద్ద రొమాంటిక్ కృతి, ఇరవయ్యో శతాబ్దం, ఒక ఎత్యూడ్ అన్న మూస చాలా స్కూళ్లకు సరిపోతుంది. స్కూలుకో కార్యక్రమం తయారుచేసుకుంటే ఏదీ పండదు.

చదువు అర్హత దగ్గర మరో ముడి ఉంది. బీకాం మూడేళ్లదే కావడం వల్ల నాలుగేళ్ల డిగ్రీ కావాల్సిందే అన్న స్కూళ్లు పోయాయి, ఎంకాం రెండేళ్లు కలిపి చూపితే కొన్ని ఒప్పుకున్నాయి. సంగీతంలోనే బ్యాచిలర్ డిగ్రీ ఉండాలన్నవి ఎలాగూ పోయాయి. ఇప్పుడు ప్లస్ టూ దాటుతున్న పిల్లలు అమెరికా ఆలోచన ఉంటే నాలుగో ఏడాది వదలకుండా డిగ్రీ పూర్తి చేయడం మేలు.

పియానిస్టుకు ఏది పెద్ద, ఏది చిన్న

స్కూలు పెద్దదంటే ఎంత? ఇండియానా యూనివర్సిటీ జేకబ్స్ స్కూలులో దాదాపు 1,600 మంది, నార్త్ టెక్సాస్‌లో కూడా ఇంచుమించు అంతే. మరో కొసన ఫిలడెల్ఫియాలోని కర్టిస్‌లో రెండు వందల లోపు. యేల్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్‌లో సుమారు 200 మంది. కర్టిస్ 1928 నుంచి ట్యూషన్ తీసుకోవడం లేదు, యేల్‌లో 2005లో వచ్చిన విరాళం వల్ల ట్యూషన్ లేదు. లాస్ ఏంజెలెస్‌లోని కోల్‌బర్న్ కన్సర్వేటరీ ట్యూషన్‌తో పాటు బస, భోజనం కూడా భరిస్తుంది. ఇవి తల లెక్కలో చిన్నవే, కానీ వీటిని మనం చెప్పుకుంటున్న చిన్న స్కూళ్లతో కలపకూడదు. వాటిలో సీటు దొరికే తీరు వేరు, డబ్బు వేరు, పియానోలు వేరు. ఈ కేసులోని చిన్న స్కూలంటే ఓ మోస్తరు పట్నంలోని యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంట్. పియానోకు ఇద్దరు అధ్యాపకులు. గ్రాడ్యుయేట్ (అంటే పీజీ చదివే) పియానిస్టులు ఐదుగురు.

వయొలిన్ విద్యార్థికి స్కూలు పెద్దదైతే ఆర్కెస్ట్రా బాగుంటుంది, చిన్నదైతే ముందు వరసలో కుర్చీ దొరుకుతుంది. పియానిస్టుకు ఆ లెక్క నప్పదు. ఆర్కెస్ట్రాలో మనకు రోజువారీ చోటు లేదు. ఇంకో పక్క, పాడేవాళ్లకీ, ఊదేవాళ్లకీ, తీగలు మీటేవాళ్లకీ లెసన్ నుంచి రిసైటల్ (సొంత కచేరీ) దాకా పియానో పక్కవాద్యం కావాలి. అందుకని పియానిస్టు చూడాల్సిన సంఖ్య ఇది: స్కూల్లో పియానిస్టులు ఎందరు, వాళ్ల పక్కవాద్యం కోరేవాళ్లు ఎందరు. ఈ నిష్పత్తి తెలిస్తే మిగతాది చాలావరకు దానంతటదే తెలిసిపోతుంది.

చిన్న స్కూల్లో పియానిస్టులు అన్ని స్థాయిల్లో కలిపి 14 మంది. గాయకులు 40 మంది, గాలి వాద్యాలవాళ్లు, తీగ వాద్యాలవాళ్లు కలిపి 95. జీతం మీద ఉన్న పక్కవాద్యకారుడు ఒక్కడు. అంటే గ్రాడ్యుయేట్ పియానిస్టుల మీదే స్కూలు నడుస్తోంది. డబ్బు ఇస్తున్నది కూడా అందుకే. పెద్ద స్కూల్లో పియానిస్టులు 70 మంది. పక్కవాద్యానికి ప్రత్యేకంగా కొలాబొరేటివ్ పియానో విభాగం ఉంది, అందులో పాతిక మంది. మంచి గాయకులు, మంచి క్వార్టెట్లు ముందుగా వాళ్ల చేతికి వెళతాయి. సొలో పియానిస్టు తన జతగాళ్లను తానే వెతుక్కోవాలి. ఒకచోట పని మీద పడుతుంది, మరోచోట పని కోసం తిరగాలి.

వారం లెక్క

చిన్న స్కూలు ఇచ్చినది వారానికి 20 గంటల అసిస్టెంట్‌షిప్, అంటే స్కూలుకు పక్కవాద్యం వాయించే పని. ట్యూషన్ పూర్తిగా మాఫీ, తొమ్మిది నెలలకు 11,000 డాలర్ల స్టైపెండ్. కాగితం మీద 20 అని ఉన్నది వారంలో ఎలా పరుచుకుంటుందో అడిగితే వచ్చిన వివరం ఇది. ఎనిమిది మంది గాయకులు, ఒక్కొక్కరికి లెసన్‌లో అరగంట, రిహార్సల్ అరగంట, కలిపి 8 గంటలు. నలుగురు వాద్యకారులకు తలా గంట, 4. కోయిర్ రిహార్సల్స్ వారానికి మూడు, ఒక్కోటి 80 నిమిషాలు, 4. ఒపెరా వర్క్‌షాప్ 3. మొత్తం 19, ఇంకో గంట ప్రదర్శనలకు. స్వరాలు నేర్చుకునే సమయం ఇందులో లేదు. సైట్ రీడింగ్ (కొత్త స్వరలిపిని చూడగానే వాయించడం) బలంగా ఉన్నవారికే అది వారానికి ఎనిమిది, తొమ్మిది గంటలు. ఆపైన తొమ్మిది క్రెడిట్ల కోర్సులు, వాటి హోంవర్క్ కలిపి 18. థియరీ ప్లేస్‌మెంట్ పరీక్షలో తప్పితే చేయాల్సిన రివ్యూ కోర్సు మరో 5. ఈ రివ్యూ కోర్సు డిగ్రీ క్రెడిట్లలోకి రాదు, కానీ తప్పించుకోలేం. అన్నీ కూడితే యాభై గంటలు దాటుతుంది. సొంత సాధనకు మిగిలేది రోజుకు మూడు గంటలు, అది కూడా పొద్దున ఎనిమిదికి ముందో రాత్రి తొమ్మిది తర్వాతో.

పెద్ద స్కూల్లో ఈ బరువేదీ లేదు. అసిస్టెంట్‌షిప్పూ లేదు. రోజుకు ఐదారు గంటల సాధన కుదురుతుంది, గది దొరికితే. పియానో విద్యార్థులకు మాత్రమే తాళం ఇచ్చే గ్రాండ్ పియానో గదులు 24. ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు దాకా ఖాళీ ఉండవు. ఆమె కోరుకున్న అధ్యాపకుడి స్టూడియోలో, అంటే ఆయన దగ్గర నేర్చుకునే బృందంలో, 20 మంది. ఆయన కచేరీలకు తరచూ ఊళ్లు తిరుగుతారు. సెమిస్టరుకు రావలసిన లెసన్లన్నీ ఇస్తారు, కానీ రెండు వారాలు ఏదీ లేక మూడో వారంలో రెండు కలిపి జరుగుతాయి. పునాది గట్టిపడ్డ విద్యార్థికి ఇది పెద్ద ఇబ్బంది కాదు. చేతి అమరిక ఇంకా దిద్దుకోవలసిన విద్యార్థికి రెండు వారాల ఖాళీలో తప్పు గట్టిపడిపోతుంది.

ఈ సంగతులు ఏ స్కూలు ప్రకటనలోనూ రాయరు. ప్రస్తుతం చదువుతున్నవాళ్లను అడగాలి. అడ్మిషన్ ఆఫీసుకు రాసి ఆ స్టూడియోలోనే మొదటి ఏడాది విద్యార్థి ఒకరినీ, పట్టా తీసుకోబోతున్నవారు ఒకరినీ పరిచయం చేయమని అడగండి. సార్ ఎలా చెబుతారు అని అడిగితే బాగా చెబుతారనే వస్తుంది జవాబు. పోయిన నెలలో ఎన్ని లెసన్లు జరిగాయి, ఏ రోజు, ఎంతసేపు అని అడగాలి.

ఇద్దరు అధ్యాపకులతోనూ జూమ్‌లో ట్రయల్ లెసన్ తీసుకుంది. జూమ్‌లో సంగీతకారుల కోసం ఉన్న ఒరిజినల్ సౌండ్ అమరిక తప్పకుండా వేసుకోవాలి. లేకపోతే పియానో నాదం సాగదీసిన చోటల్లా అది చప్పుడని భావించి కోసేస్తుంది. పెద్ద స్కూలు అధ్యాపకుడు వాయించి చూపిస్తూ చెప్పారు, అద్భుతంగా ఉంది. చిన్న స్కూలు అధ్యాపకురాలు మొదటి పావుగంటలోనే ఆమె కుడి మణికట్టు మీటల కంటే కిందికి దిగుతోందని పట్టుకుని, ఆ ఒక్కదాని మీదే గంట నడిపించారు.

డబ్బు

పెద్ద స్కూలు సగం ట్యూషన్ స్కాలర్‌షిప్ ఇచ్చింది. మిగిలిన ట్యూషన్ 14,500 డాలర్లు, ఇతర ఫీజులు 1,500, ఆరోగ్య బీమా 2,500, బస, భోజనం 12,500. ఏడాదికి 31,000. డాలరు 85 రూపాయల చొప్పున రెండేళ్లకు 52 లక్షల 70 వేలు. చిన్న స్కూల్లో ట్యూషన్ లేకపోయినా ఫీజులు 2,400, బీమా 2,600, బస, భోజనం 13,500, కలిపి 18,500. స్టైపెండ్ 11,000 తీసేస్తే ఏడాదికి 7,500. రెండేళ్లకు 12 లక్షల 75 వేలు. ట్యూషన్ మాఫీ అనగానే ఖర్చు లేదనుకునే తల్లిదండ్రులు చాలామంది ఉంటారు. ఫీజులు, బీమా మాఫీలోకి రావని ఆఫర్ లెటర్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

స్కూలు పంపే ఐ-20 పత్రంలో మొదటి ఏడాదికి ఎంత చూపించాలో రాసి ఉంటుంది, వీసాకు చూపవలసింది అదే. చిన్న స్కూలుది 6 లక్షల 37 వేల చిల్లర. ప్రభుత్వ బ్యాంకుల్లో విద్యారుణం 7.5 లక్షలు దాటితే తనఖా అడుగుతారు. పెద్ద స్కూలుకైతే ఇల్లు పెట్టక తప్పదు. నాన్నగారు మొదట పెద్ద స్కూలు వైపే మొగ్గారు, "అమ్మడూ, పేరున్నది వదులుకుని ఊరూ పేరూ లేనిదానికెళతావా" అని. ఆయనకు మేం చెప్పినది ఒక్కటే: సంగీతం డిగ్రీకి చదువయ్యాక అక్కడ పని చేయడానికి దొరికే ఓపీటీ పన్నెండు నెలలే, సైన్సు, ఇంజనీరింగ్ వాళ్లకుండే పొడిగింపు దీనికి రాదు. ఆ పన్నెండు నెలల్లో పియానో పాఠాలు, పక్కవాద్యం మీద వచ్చే డబ్బుతో యాభై లక్షల అప్పు కదలదు.

పన్ను గురించి కూడా ఒక మాట. భారత్-అమెరికా పన్ను ఒప్పందం 21వ అధికరణం కింద భారతీయ విద్యార్థులు స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవచ్చు. ఈ మేరకు స్టైపెండ్ అయితే ఆదాయపు పన్ను దాదాపు ఉండదు. రిటర్ను మాత్రం దాఖలు చేయాలి.

ఇక వీసా. ఒడిశా మొత్తం హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్ పరిధిలోకే వస్తుంది. బరంపురం నుంచి విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ చేరి, వేలిముద్రలకు ఒక రోజు, ఇంటర్వ్యూకు మర్నాడు దొరికేలా చూసుకుంటే ఒక్క ప్రయాణంతో పోతుంది. సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు) రుసుము 350 డాలర్లు, వీసా దరఖాస్తు 185.

ఏప్రిల్ 15కు ముందు రాసిన ఈమెయిల్

అమెరికా గ్రాడ్యుయేట్ స్కూళ్లలో చాలావాటి మధ్య ఒక ఒడంబడిక ఉంది. అసిస్టెంట్‌షిప్ లాంటి ఆర్థిక సాయంతో ఇచ్చిన ఆఫర్‌కు ఏప్రిల్ 15 లోపు జవాబు చెప్పమని విద్యార్థిని ఒత్తిడి చేయకూడదు. ఆ వ్యవధిని వాడుకోవాలి. ఆమె చిన్న స్కూలుకు రాసిన ప్రశ్నలు: ఇరవై గంటల్లో నేర్చుకునే సమయం కలుస్తుందా? కోయిర్ రిహార్సల్స్‌కు బదులు మరేదైనా ఇస్తారా? రిసైటళ్లు గుంపుగా వచ్చే నవంబరు, ఏప్రిల్ నెలల్లో గంటలకు పైహద్దు ఉందా? కృతి చేతికి వచ్చిన రోజుకీ ప్రదర్శనకీ మధ్య కనీసం ఎన్ని వారాలు? రాబోయే రెండేళ్లలో అధ్యాపకురాలు సెలవు మీద వెళ్లే ఆలోచన ఉందా? గత రెండేళ్లలో గ్రాడ్యుయేట్ పియానిస్టులు ఆర్కెస్ట్రాతో ఎన్నిసార్లు వాయించారు? పియానోలు ఎవరు శ్రుతి చేస్తారు, ఎన్నాళ్లకోసారి?

వచ్చిన జవాబుల్లో మూడు ముఖ్యమైనవి. మొదటి సెమిస్టరుకు గంటలు 15కు తగ్గిస్తామన్నారు, నేర్చుకునే సమయం అందులోనే లెక్క. కోయిర్ తీసేస్తామన్నారు. అధ్యాపకురాలు రెండో ఏడాది ఆగస్టు నుంచి డిసెంబరు దాకా సెలవులో ఉంటారు. ఈ చివరిది ముందే తెలియకపోతే ఆ శరత్కాలంలోనే డిగ్రీ రిసైటల్ పెట్టుకునేది. ఇద్దరే అధ్యాపకులున్న చోట ఒకరు వెళితే సగం విభాగం వెళ్లినట్టే. పెద్ద స్కూల్లో ఒకరు లేకపోయినా మరో ఆరుగురు ఉంటారు. అధ్యాపకుడితో పొసగక స్టూడియో మారాలన్నా అంతే. చిన్న స్కూలు ఎంచుకునేవారు ఈ ఒక్క ప్రశ్న అడగకుండా సంతకం పెట్టవద్దు.

15 గంటల మాట ఈమెయిల్‌లో ఉంటే చాలదని, అసిస్టెంట్‌షిప్ లెటర్‌ను మార్చి పంపమని కోరింది. ఏప్రిల్ 11న సవరించిన లెటర్ వచ్చింది. 13న చిన్న స్కూలుకు ఒప్పుకుంది.

ఆగస్టు దాకా ఉన్న నాలుగు నెలలూ సైట్ రీడింగ్‌కే. రోజుకు ఇరవై నిమిషాలు, ఆపకుండా, తప్పు పడినా వెనక్కి వెళ్లకుండా. మొదటి నెల నాలుగు గొంతుల ఇంగ్లీషు కీర్తనలు, రోజుకు పది. రెండో నెల వాటినే ఒక స్వరం పైకి, ఒక స్వరం కిందికి మార్చి, బటన్ లేకుండా. మూడో నెల నుంచి షూబర్ట్ పాటలు, పాడే గీత కూడా కంటితో చదువుతూ. చర్చిలో అలవడిన చెవి ఇక్కడ ఎంతో ఆదుకుంది. పాడేవారి ఊపిరిని బట్టి ఆగడం, లాగడం ఆమెకు ఎవరూ నేర్పనవసరం లేకపోయింది.

రెండేళ్లలో జరిగినవి

అక్టోబరు మూడో వారంలో కుడి ముంజేతిలో నొప్పి మొదలైంది. బరంపురంలో రోజుకు మూడు గంటలు వాయించిన చెయ్యి అక్కడ ఒక్కసారిగా ఏడు గంటలకు వెళ్లింది. పది రోజులు ఆపాల్సి వచ్చింది. ఆ తర్వాత యాభై నిమిషాలకు పది నిమిషాల విరామం, పాటల వేలివరసలు పియానో దగ్గర కాకుండా బల్ల మీద కాగితంపై రాసుకోవడం, గట్టి భాగాల రిహార్సల్‌లో సగం ధ్వనితో వాయించడం నియమంగా పెట్టుకుంది. వెళ్లబోయేవారు ఇంటి దగ్గరే వారానికి అరగంట చొప్పున సమయం పెంచుకుంటూ ఐదు గంటల దాకా తెచ్చుకుని బయలుదేరితే ఈ దెబ్బ తగలదు. చలికాలంలో వేడి గాలి వేసిన గదుల్లో తేమ బాగా పడిపోతుంది. గోపాలపురం సముద్రపు గాలికి అలవాటైన చర్మానికి వేలికొసలు చిట్లుతాయి. రాత్రి వాజలీన్ రాసి పలచటి నూలు తొడుగులతో పడుకోవడం నవంబరు నుంచే మొదలుపెట్టాలి, చిట్లాక కాదు.

ఊళ్లో ఒక చర్చి ఆదివారం ఆరాధనకు వాయిస్తే డబ్బిస్తామంది. మన పిల్లలకు ఇది చాలా సహజంగా అనిపించే పని, అందుకే ప్రమాదం కూడా. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద చదువు రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటల దాకానే పని. క్యాంపస్ బయట అనుమతి లేకుండా డబ్బు తీసుకుంటే వీసా స్థితే పోతుంది. మామూలుగా జీతమిచ్చే పనిని ఉచితంగా చేసినా చిక్కే. ఆమె అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడిగి, వద్దని చెప్పి, భక్తురాలిగా వెళ్లి కూర్చుంది.

రెండో సెమిస్టరు ఏప్రిల్‌లో ఎనిమిది రోజుల్లో మూడు రిసైటళ్లు పడ్డాయి. పైగా ఒక శాక్సఫోన్ విద్యార్థి పాల్ క్రెస్టన్ సొనాటాను మూడు వారాల ముందు తెచ్చి ఇచ్చాడు. ఆ సొనాటాలో పియానో భాగం శాక్సఫోన్ భాగానికి ఏమీ తీసిపోదు, మూడు వారాల్లో ఇతర పనుల మధ్య లేచే కృతి కాదు. కృతికీ ప్రదర్శనకీ మధ్య కనీస గడువు గురించి అడిగిన ప్రశ్నకు మాత్రం ఆనాడు సూటి జవాబు రాలేదు, దాన్ని లెటర్‌లోకి ఎక్కించలేదు కూడా. చివరికి అధ్యాపకురాలు కల్పించుకుని దాన్ని జీతం మీదున్న పక్కవాద్యకారుడికి మార్చారు. ఇప్పుడు అడిగేవారికి మేం చెబుతున్నది ఆరు వారాలు అని లెటర్‌లో రాయించుకోమని.

లాభాల్లో పెద్దది కాన్సెర్టో. గ్రాడ్యుయేట్ పియానిస్టులు ఐదుగురే కావడంతో రెండో ఏడాది పోటీలో గెలిచి, యూనివర్సిటీ ఆర్కెస్ట్రాతో మొజార్ట్ డి మైనర్ కాన్సెర్టో పూర్తిగా వాయించింది. ఆ రికార్డింగ్ తర్వాతి దరఖాస్తులన్నిటికీ పనికొచ్చింది. డెబ్బై మంది పియానిస్టుల మధ్య ఆ అవకాశం దాదాపు రాదు. పక్కవాద్యంలో రెండేళ్లలో వందకు పైగా పాటలు, పన్నెండు సొనాటాలు చేతికి వచ్చాయి.

నష్టం కూడా స్పష్టంగానే ఉంది. తన కంటే బాగా వాయించే తోటివాళ్లు ఆమెకు దొరకలేదు. పక్క గదిలో ఎవరో అదే బలాడ్ తన కంటే మేలుగా సాధన చేస్తుంటే గోడకు చెవి ఆనించి నేర్చుకునేది చాలా ఉంటుంది, అది పాఠంలో రాదు. దానికి విరుగుడుగా మొదటి వేసవిలో స్కాలర్‌షిప్ మీద ఆరు వారాల సంగీత శిబిరానికి వెళ్లింది. కొంత తీరింది, పూర్తిగా కాదు.

ఇదే సమయంలో కోరాపుట్ జిల్లా జయపురం నుంచి వచ్చిన ఇంకో విద్యార్థి పెద్ద స్కూలే ఎంచుకున్నాడు, అది అతనికి సరైనదే. అతనికి పియానోలో నాలుగేళ్ల డిగ్రీ అప్పటికే ఉంది, థియరీ కొరత లేదు, చెయ్యి దిద్దుకునే పని లేదు. అతను చేరింది కొలాబొరేటివ్ పియానోలో. పెద్ద ఒపెరా విభాగం, భాషల ఉచ్చారణ నేర్పే అధ్యాపకులు, రెండు వందల మంది గాయకులు ఉన్న చోటే ఆ చదువు పండుతుంది. ట్యూషన్ మాఫీ కూడా దొరికింది.

బరంపురం అమ్మాయి డాక్టరేట్‌కు ఐదు స్కూళ్లకు దరఖాస్తు పెట్టింది. ఐదూ పెద్దవే. ఈసారి అధ్యాపకులకు రాసిన మొదటి ఈమెయిల్‌లోనే రెండు ప్రశ్నలున్నాయి: మీ స్టూడియోలో ఇప్పుడు ఎంతమంది, వచ్చే మూడేళ్లలో మీ సెలవు ఎప్పుడు.